ప్లాస్టిక్ ఒకటి కాదు, ఏడు

(సైన్సు పాఠం. చదివిన తరువాత మీ బకెట్టు తిరగేసి అడుగున చూడండి.)



ఈసారి గోడపత్రికలో నాకు రెండు చార్టుల జాగా ఇచ్చారు. కాబట్టి కొంచెం పెద్ద పాఠమే రాస్తున్నాను. ఒక్కరోజులో చదవలేకపోతే రెండు రోజులు చదవండి. చార్టు ఎక్కడికీ పోదు.

మన బాత్‌రూముల వెనక గుంట అందరికీ తెలుసు. ఆదివారం శ్రమదానం అయ్యాక ఊడ్చిన చెత్తంతా అందులో పోసి అగ్గిపుల్ల గీస్తాము. నల్లటి పొగ లేస్తుంది. గాలి ఇటు తిరిగితే ఆ పొగ నేరుగా 3వ తరగతి పిల్లలు పడుకునే గదిలోకి పోతుంది. అందులో ఒక చెల్లికి ఆయాసం ఉంది. పొగ వచ్చినప్పుడు ఆ పిల్ల తువ్వాలు ముఖానికి చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంటుంది. మనం అందరం చూశాము. చూసి ఊరుకున్నాము. నేను కూడా ఊరుకున్నాను.

ఒక ఆదివారం సైన్స్ మేడమ్ గారు ఆ గుంట దగ్గర నిలబడి, "ఇందులో సగం అమ్ముడుపోయే సరుకు, కొంత విషం. ఏది ఏదో తెలియక రెండూ కలిపి కాలుస్తున్నారు" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అదే ఈ పాఠం.

ప్లాస్టిక్ అంటే ఏమిటి?

మా అమ్మమ్మ ప్లాస్టిక్ అనదు. బిందె, కవరు, చెప్పు, పైపు అన్నిటినీ "రబ్బరు" అనే అంటుంది. మనం ప్లాస్టిక్ అంటాము. అంతే తేడా. అమ్మమ్మలాగే మనం కూడా అన్నిటికీ ఒకటే పేరు పెట్టేశాము.

ప్లాస్టిక్కులు చాలావరకు ముడిచమురు, సహజవాయువుల నుండి తయారవుతాయి. చిన్న చిన్న అణువులను ఒకదానికొకటి కలిపితే పొడవైన గొలుసు తయారవుతుంది. దీనినే పాలిమర్ అంటారు. పూసలు గుచ్చితే దండ అయినట్టు అన్నమాట. ఏ పూస గుచ్చితే ఆ దండ. అందుకనే ప్లాస్టిక్కులు రకరకాలు.

1907లో లియో బేక్‌లాండ్ అనే శాస్త్రవేత్త బేకలైట్‌ను తయారుచేశారు. 1933లో ఇంగ్లండులో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు ఇంకేదో ప్రయోగం చేస్తుండగా పాత్రలో తెల్లటి మైనం లాంటి పదార్థం కనబడింది. అదే పాలిథీన్. ఈనాడు మనం కవరు అనేది ఎక్కువగా దానితో చేసినదే.

వేడికి ప్లాస్టిక్కులు రెండు విధములుగా ఉంటాయి.

1. థర్మోప్లాస్టిక్: వేడిచేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. మళ్ళీ వేడిచేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. తేనెమైనం లాంటిది. దీనిని కరిగించి వేరే వస్తువు చేయవచ్చు.

2. థర్మోసెట్టింగ్ ప్లాస్టిక్: ఒకసారి గట్టిపడితే ఇక కరగదు. కాల్చిన కుండ లాంటిది. కుండను మళ్ళీ మట్టిముద్ద చేయలేము కదా. కుక్కరు పిడి, మెలమిన్ పళ్ళెం ఈ రకానివి.

అడుగున ఉన్న అంకె

సీసా గానీ డబ్బా గానీ తిరగేసి చూస్తే అడుగున చిన్న త్రికోణం, దాని మధ్యలో ఒక అంకె ఉంటుంది. 1 నుండి 7 వరకు ఏదో ఒకటి. ఈ పద్ధతిని 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమల సంఘం మొదలుపెట్టింది. ఇప్పుడు మన దేశంలో కూడా వస్తువుల మీద ఈ గుర్తు ఉంటుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు పడతారు. నేనూ పడ్డాను.

మొదటిది: 1 అంటే మొదటి ర్యాంకు, 7 అంటే ఆఖరి ర్యాంకు అనుకోవడం. మన ఏజెన్సీలో తపసి బంకను రంగు చూసి ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని వేరుచేస్తారు. అక్కడ ఒకటో రకానికి ఎక్కువ ధర. ప్లాస్టిక్ అంకె అలాంటిది కాదు. అది మన హాజరుపట్టీలో రోల్ నంబరు లాంటిది. రోల్ నంబరు 1 అయినంత మాత్రాన ఫస్ట్ మార్కు రాదు.

రెండవది: త్రికోణం ఉంటే అది తప్పకుండా మళ్ళీ వాడుకకు వస్తుందని అనుకోవడం. మొదట ఆ త్రికోణంలో ఒకదాని వెనక ఒకటి పరుగెత్తే బాణాలు ఉండేవి. అది చూసి జనం పొరపాటు పడుతున్నారని 2013లో అమెరికా ప్రమాణాల సంస్థ బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టింది. మన వస్తువుల మీద ఇంకా బాణాలు చాలా కనబడతాయి. బాణం ఉన్నా లేకపోయినా అంకె చెప్పేది ఒక్కటే, ఆ వస్తువు ఏ ప్లాస్టిక్ అన్నది.

ఏడు రకాలు – మన ట్రంకుపెట్టెలో, మన వంటగదిలో

1. పెట్ (పాలీ ఇథిలీన్ టెరిథాలేట్): తాగునీళ్ళ సీసా, కూల్‌డ్రింకు సీసా. గాజులా తళతళ మెరుస్తుంది. చలికాలంలో వంజంగి కొండ మీద మేఘాలు చూడడానికి వచ్చినవాళ్ళు పారేసిపోయేవి ఇవే. వీటిని ముక్కలు చేసి, కరిగించి దారం తీస్తారు. దిండులో దూది బదులు కూరే పీచు, పాలిస్టర్ బట్ట అలా వస్తాయి.

2. హెచ్.డి.పి.ఇ. (ఎక్కువ సాంద్రత గల పాలిథీన్): కొబ్బరినూనె నీలం డబ్బా, షాంపూ పెద్ద డబ్బా, ఫినాయిల్ డబ్బా, తెల్ల క్యాను. గట్టిగా ఉంటుంది, లోపల ఉన్నది సరిగా కనబడదు.

3. పి.వి.సి.: నీళ్ళ పైపు, కరెంటు తీగ మీద తొడుగు, కొన్ని రకాల చెప్పులు. మీటింగు అయిపోయాక ఇంటికి తెచ్చుకుని కప్పు మీద కప్పుకునే ఫ్లెక్సీ కూడా ఇదే. ఇందులో క్లోరిన్ ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత అవసరం వస్తుంది.

4. ఎల్.డి.పి.ఇ. (తక్కువ సాంద్రత గల పాలిథీన్): పాల ప్యాకెట్టు, మెత్తటి కవర్లు. లాగితే సాగుతుంది.

5. పి.పి. (పాలీ ప్రొపిలీన్): చాలా సీసాల మూతలు, టిఫిను డబ్బా, కుర్చీ, నేసిన బియ్యం బస్తా, సిమెంటు బస్తా. వానకు మడిచి తలమీద కప్పుకునే బస్తా కూడా సాధారణంగా ఇదే.

6. పి.ఎస్. (పాలీ స్టైరీన్): థర్మోకోల్, లోపల రీఫిల్లు కనబడే పెన్ను గొట్టం, విరిస్తే టప్‌మని విరిగే చెంచాలు.

7. ఇతరములు: పైన చెప్పినవి కానివి, లేదా రెండు మూడు కలిసినవి. కొన్ని 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు పాలీకార్బొనేట్‌తో చేస్తారు, అవి ఈ జాబితాలోకి వస్తాయి. షాంపూ పొట్లం, పేస్టు ట్యూబు, చిప్స్ ప్యాకెట్టు కూడా ఇందులోకే. వాటిలో ప్లాస్టిక్ పొర మీద ఇంకో ప్లాస్టిక్ పొర, మధ్యలో వెండిరంగు అల్యూమినియం పొర అతికించి ఉంటాయి. ఆ పొరలను విడదీయడం చాలా కష్టం.

ఒక ఆశ్చర్యం చెప్తాను. బట్టల కొట్టులో ఇచ్చే రంగురంగుల "బట్ట సంచి" ఉంది కదా, నొక్కి చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. అది బట్ట కాదు. అది కూడా 5, పి.పి.! నేను రెండేళ్ళ నుండి దానిని బట్ట సంచి అనుకునే పుస్తకాలు మోశాను.

అంకె కనబడకపోతే ఎలా?

చాలావాటి మీద అంకె అరిగిపోతుంది. కవర్ల మీద అసలు ఉండదు. అప్పుడు చేతితో, చెవితో కనిపెట్టాలి.

• సీసా అడుగున వేలు పెట్టి తడమండి. సరిగ్గా మధ్యలో చిన్న బొడిపె తగిలితే అది పెట్. బొడిపె లేకుండా అడ్డంగా ఒక గీత తగిలితే ఎక్కువగా అది హెచ్.డి.పి.ఇ.

• కవరును పిడికిట్లో నలపండి. మెత్తగా నలిగి, లాగితే సాగితే ఎల్.డి.పి.ఇ. కరకరలాడుతూ చప్పుడు చేస్తే పలచటి హెచ్.డి.పి.ఇ. గానీ పి.పి. గానీ అయి ఉంటుంది.

• వంచితే తెల్లటి చార పడి అలాగే ఉండిపోతే పి.వి.సి. అని అనుమానించాలి.

• వంచబోతే విరిగిపోతే పి.ఎస్.

కొందరు పెద్దవాళ్ళు ముక్కను కాల్చి వాసన చూసి చెప్తారు. మనం ఆ పని చేయకూడదు. దానికన్నా మంచి పరీక్ష నీళ్ళ గ్లాసులో ఉంది.

ప్రయోగం

ఉద్దేశము: సాంద్రతను బట్టి ప్లాస్టిక్కులను వేరుచేయుట.

కావలసిన వస్తువులు: రెండు గ్లాసులు, నీళ్ళు, ఉప్పు, కత్తెర, ఆరు రకాల ప్లాస్టిక్ ముక్కలు. మేము తీసుకున్నవి: నీళ్ళ సీసా (1), కొబ్బరినూనె డబ్బా (2), విరిగిన పైపు (3), పాల ప్యాకెట్టు (4), సీసా మూత (5), పెన్ను గొట్టం (6).

చేయు విధానము: ఒక్కొక్కదాని నుండి గోరంత ముక్క కత్తిరించవలెను. పైపు గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్ళ చేత కోయించండి. ముక్కలను ఒక్కొక్కటిగా మంచినీళ్ళ గ్లాసులో వేసి చూడవలెను.

మొదటిసారి మా ప్రయోగం తప్పింది. 1వ ముక్క మునగాలని మేడమ్ గారు ముందే చెప్పారు. కానీ అది తేలింది! మేము, మేడమ్ చెప్పింది తప్పు అని గుసగుసలాడుకున్నాము. మేడమ్ గారు నవ్వి, వేలితో ఆ ముక్కను నీళ్ళ లోపలికి నొక్కారు. టపుక్కున అడుగుకి పోయింది. పలచటి ముక్కను నీళ్ళ పైపొర మోస్తుందట, సన్నటి సూదిని మోసినట్టు. ముక్కకు గాలి బుడగలు అంటుకున్నా అంతే. కాబట్టి ప్రతి ముక్కనూ లోపలికి నొక్కి వదలవలెను. అప్పుడే నిజం తెలుస్తుంది.

పరిశీలన: 2, 4, 5 తేలినవి. 1, 3, 6 మునిగినవి.

తరువాత రెండో గ్లాసులో, ఇక కరగదు అనేవరకు ఉప్పు వేసి కలిపాము. (వంట అక్క "కూరకి ఉంచుతారా ఉంచరా?" అని కేకలేసింది.) మునిగిన మూడు ముక్కలను అందులో వేశాము. పెన్ను గొట్టం ముక్క పైకి వచ్చేసింది. సీసా ముక్క, పైపు ముక్క అడుగునే ఉండిపోయాయి.

కారణము: సాంద్రత పాఠంలో చదివినదే ఇది. నీటి సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 1 గ్రాము. అంతకంటే తక్కువ ఉన్నది తేలుతుంది, ఎక్కువ ఉన్నది మునుగుతుంది. సుమారు సాంద్రతలు ఇవి:

పి.పి. – 0.90
ఎల్.డి.పి.ఇ. – 0.92
హెచ్.డి.పి.ఇ. – 0.95
నీరు – 1.00
పి.ఎస్. – 1.05
ఉప్పు బాగా కరిగిన నీరు – 1.20
పెట్ – 1.38
పి.వి.సి. – సుమారు 1.4

పి.ఎస్. మంచినీళ్ళలో మునిగి, ఉప్పునీళ్ళలో ఎందుకు తేలిందో ఈ వరుస చూస్తే తెలిసిపోతుంది. థర్మోకోల్ కూడా పి.ఎస్. కదా, అది మంచినీళ్ళలోనే తేలుతుందేమిటి అని ఒక చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. థర్మోకోల్‌లో ప్లాస్టిక్ కొంచెమే, మిగతాదంతా గాలి.

ఫలితము: ఒక సీసా, దాని మూత ఒకే ప్లాస్టిక్ కాదు. సీసా మునిగింది, మూత తేలింది. ఇన్నాళ్ళూ మనకు రెండూ కలిపి ఒకటే వస్తువు.

ఎందుకు కలపకూడదు?

అన్నీ ప్లాస్టిక్కే కదా, కలిపి కరిగిస్తే ఏమవుతుంది అనుకోవచ్చు.

ఒక్కొక్క ప్లాస్టిక్ ఒక్కొక్క వేడి దగ్గర కరుగుతుంది. హెచ్.డి.పి.ఇ. సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పి.పి. సుమారు 160 దగ్గర, పెట్ సుమారు 250 దాటాక. పెట్ సీసాల మధ్య కొంచెం పి.వి.సి. కలిసిందనుకోండి. పెట్ కరిగే వేడికి పి.వి.సి. విరిగిపోయి ఆమ్లపు వాయువు వదులుతుంది. ఆ ఆమ్లం మంచి సరుకును కూడా పసుపుపచ్చగా, పెళుసుగా చేసేస్తుంది. కొంచెం పైపు ముక్క, బస్తాల కొద్దీ సీసాలు పాడు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. చింతపండు సంతకు తీసుకెళ్ళే ముందు అమ్మావాళ్ళు అరుగుమీద కూర్చుని గింజ తీస్తారు, పీచు తీస్తారు. గింజ తీసినదానికి ఒక ధర, తీయనిదానికి ఒక ధర. కరక్కాయల్లో కుంకుడుకాయలు కలిపి ఎవరైనా అమ్ముతారా? అడవిలో దొరికేవాటిని వేరుచేయడం మనకు తాతముత్తాతల నుండి వచ్చిన విద్య. ప్లాస్టిక్ దగ్గరకు వచ్చేసరికే దానిని మరిచిపోయాము.

పాత సామాన్లు కొనే ఆయన సైకిలు మీద వచ్చినప్పుడు నేను అడిగాను. "సీసాలు వేరే, గట్టివి వేరే తెస్తే కొంటాను. అన్నీ కలిపి తెస్తే ఏరుకునే కూలి నేనెక్కడ తెచ్చేది? కూర అంటుకున్నవైతే ఊరికే ఇచ్చినా వద్దు" అన్నారు. మన గుంటలో ఉన్నవి అవే. కలిసినవి, కూర అంటుకున్నవి.

నేను చేసిన తప్పు

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తేనే మీకు ఉపయోగం.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అప్పుడే కొత్తగా అంకెలు నేర్చుకుని ఉన్నాను. మా అమ్మ సంతలో ఒక తెల్ల క్యాను కొన్నది, గెడ్డ నుండి నీళ్ళు తేవడానికి. ఎవరో వాడిన పాతది. దాని మీద కాగితం గీకేసి ఉంది. నేను గొప్పగా తిరగేసి చూసి, "అమ్మా, ఇది 2వ నంబరు. కొబ్బరినూనె డబ్బాది, దీనిది ఒకటే ప్లాస్టిక్. మంచిదే" అని చెప్పాను. మా ఇంట్లో ఇంతవరకు హైస్కూలు చదివినది నేనొక్కదాన్నే. నేను చెప్తే అమ్మ నమ్ముతుంది.

సెలవులు అయ్యాక ప్రయోగం రోజున ఈ సంగతి మేడమ్ గారికి చెప్పాను. మేడమ్ గారి ముఖం మారిపోయింది. "అంతకుముందు అందులో ఏం పోశారు? పురుగుమందులు కూడా 2వ నంబరు క్యాన్లలో వస్తాయి. అంకె ప్లాస్టిక్ పేరే చెప్తుంది, లోపల ఏం ఉండేదో చెప్పదు" అన్నారు.

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. మా తమ్ముడు చిన్నవాడు, బయటినుండి రాగానే నీళ్ళే అడుగుతాడు. మా ఊళ్ళో ఫోను సిగ్నలు లేదు. అమ్మ సంత రోజున కిందికి వస్తే, తెలిసినవాళ్ళ కొట్లో ఫోను ఉంటుంది. సంతకు ఇంకా నాలుగు రోజులు. నాలుగు రోజులూ ఏం చదివానో నాకు తెలియదు. సంత రోజు వార్డెన్ మేడమ్ గారు తన ఫోను ఇచ్చారు.

"అమ్మా, ఆ తెల్ల క్యాను నీళ్ళు తాగుతున్నారా?" అన్నాను.

"ఏటే పిల్లా, ఆ క్యానా? మూత తీసి వాసన చూసినాను. కంపు కొట్టింది. రెండుసార్లు బూడిద పెట్టి కడిగినా పోలేదు. ఆవతల పెట్టేసినాను. ఏడుత్తున్నావేటి?" అన్నది.

నా అంకె కంటే మా అమ్మ ముక్కు మంచిది. ఆ రోజు ఆ ముక్కు మమ్మల్ని కాపాడింది. అన్ని విషాలకూ వాసన ఉండదు కాబట్టి ముక్కును నమ్మి ఊరుకోకూడదు. మా నాన్న ఆ క్యానుకు గునపంతో చిల్లులు పొడిచి, ఇంకెవరూ నీళ్ళకు వాడకుండా చేశాడు.

కావున అక్కలారా, చెల్లెళ్ళారా, ఇళ్ళకు వెళ్ళినప్పుడు ముందు ఇది చెప్పండి: మందుల క్యానులో, రంగుల డబ్బాలో, ఆయిలు డబ్బాలో ఎంత కడిగినా తాగే నీళ్ళు, తినే సరుకు పోయకూడదు. అడుగున ఏ అంకె ఉన్నా సరే.

ఎందుకు కాల్చకూడదు?

పి.వి.సి.లో క్లోరిన్ ఉందని పైన రాశాను. అది మంటలో పడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. తడి తగిలితే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మన కళ్ళు, ముక్కు, గొంతు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, అందుకే మండుతాయి. డయాక్సిన్లు అనే విషాలు కూడా పుడతాయి. అవి పొగతో, బూడిదతో వెళ్ళి మట్టిలో, గడ్డిలో పడి, పశువుల కొవ్వులో, పాలలో చేరతాయి, చాలాకాలం పోవు. మిగతా ప్లాస్టిక్కులు మామూలు మంటలో సరిగా కాలక నల్లటి మసి, కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. ఆయాసం ఉన్నవాళ్ళకు ఆ పొగ ప్రాణం మీదికి తెస్తుంది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా అమ్మకు చెప్పాను. మా ఇంట్లో వానాకాలం పొయ్యి అంటించడానికి కవరు ముక్కే వాడతాము. అమ్మ మొత్తం విని, "మరి కర్ర తడిసిపోతే పొయ్యి ఎలా అంటించేది? సదువుకున్నావు కదా, సెప్పు" అన్నది. నాకు జవాబు రాలేదు. కాసేపటికి అమ్మే చెప్పింది: కవర్లు రాకముందు అమ్మమ్మ గింజ ఒలిచిన మొక్కజొన్న కండెలను పొయ్యి మీది అటకలో దాచేదట. వేడికి అవి ఎప్పుడూ ఎండే ఉంటాయట. ఈ ఏడు మేము రెండు గంపలు దాచాము. వానలు వచ్చాక చూడాలి.

ఆ సెలవుల్లోనే అమ్మ ఇంట్లో ఉన్న సామాన్లు అన్నీ వాకిట్లో బోర్లించింది. అమ్మకు అక్షరాలు రావు. కానీ అంకెలు వచ్చు. నోటు మీద, బస్సు మీద చూసి నేర్చుకుంది. 1 అంటూ ఒక పక్క, 2 అంటూ ఒక పక్క పెట్టేసింది. అంకె అరిగినవాటిని బొడిపె, గీత తడిమి చెప్పింది. నా కంటే తొందరగా చెప్పింది. కాబట్టి చదువు రాదు, మాకేం తెలుసు అని ఇంట్లో అంటే ఒప్పుకోకండి.

మన హాస్టలులో ఏం చేద్దాము?

వార్డెన్ మేడమ్ గారికి మనవి. ఖాళీ బియ్యం బస్తాలు ఐదు ఇప్పించండి. వాటి మీద మేము అంకెలు రాస్తాము.

మొదటి బస్తా: 1వ నంబరు సీసాలు. మూత తీసి, నొక్కి వేయాలి.
రెండవ బస్తా: 2, 5 నంబర్ల గట్టి వస్తువులు. మూతలు ఇందులోకే.
మూడవ బస్తా: 4వ నంబరు కవర్లు, పాల ప్యాకెట్లు. కడిగి, తీగ మీద ఆరేసి వేయాలి.
నాలుగవ బస్తా: 3, 6 నంబర్లు. పైపు ముక్కలు, తెగిన చెప్పులు, థర్మోకోల్, పెన్నులు.
ఐదవ బస్తా: 7వ రకం. షాంపూ పొట్లాలు, పేస్టు ట్యూబులు, చిప్స్ ప్యాకెట్లు.

ప్యాడ్లు ఈ బస్తాలలో దేనిలోనూ వేయకూడదు. కాగితంలో చుట్టి, మూత ఉన్న వేరే డబ్బాలో వేయాలి. బస్తా మోసేది, ఏరేది కూడా మనలాంటి మనిషే.

మొదటి రెండు బస్తాలు పాత సామాన్ల ఆయన కొంటానన్నారు. ఆ డబ్బులతో ఏం చేయాలో అందరం కలిసి చెబుదాం. మిగతా మూడూ పంచాయతీ చెత్తబండికి వేరువేరుగా ఇద్దాము. మూడవ బస్తా కవర్లకు కూడా ఉపయోగం ఉంది. మదురైలో ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్ గారు కవర్లను చిన్న ముక్కలు చేసి, వేడి కంకర రాళ్ళ మీద వేసి, అవి రాయికి పూతలా అంటుకున్నాక తారు కలిపి రోడ్లు వేసే పద్ధతి కనిపెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అందులో కూడా పి.వి.సి. వేయరు. చూశారా, అక్కడా వేరుచేయడమే!

ఐదవ బస్తాను మాత్రం కొనేవాళ్ళు లేరు. అలాంటివాటిని సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో ఇంధనంగా వాడతారు. ఆ కొలిమిలో సిమెంటు రాయి సుమారు 1,450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మన గుంట మంట దానికి ఏ మూలకూ రాదు. అందుకే ఈ బస్తా నిండకుండా చూసుకోవడమే మంచిది. మా గదిలో పన్నెండు మందిమి ఉన్నాము. తలంటు రోజున పన్నెండు పొట్లాలు చించేవాళ్ళం. ఈ నెల నుండి డబ్బులు కలిపి ఒక పెద్ద డబ్బా తెచ్చుకున్నాము. పోట్లాట రాకుండా మూతతో కొలిచి పోసుకుంటున్నాము.

ఇంకొక మాట. 2022 జులై 1 నుండి ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు వంటివి మన దేశమంతటా నిషేధం. అదే ఏడాది డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్ల కంటే పలచటి ప్లాస్టిక్ చేతిసంచులు కూడా నిషేధం. పళ్ళేలకు మనం కొత్తగా ఏమీ వెతకనక్కరలేదు. అడ్డాకు విస్తరి ఉంది. కుట్టే చేతులు మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. ఈసారి వార్షికోత్సవానికి అడ్డాకులే తెద్దామని నా కోరిక.

గుర్తుంచుకోవలసినవి

1. అంకె అంటే ర్యాంకు కాదు, పేరు.
2. అంకె ప్లాస్టిక్ సంగతి చెప్తుంది, లోపల పోసినదాని సంగతి చెప్పదు.
3. తేలేవి 2, 4, 5. మునిగేవి 1, 3, 6.
4. కడిగి, ఆరబెట్టి, వేరుచేస్తే సరుకు. కలిపేస్తే చెత్త.
5. ఏ ప్లాస్టిక్కునూ కాల్చకూడదు.

ప్రశ్నలు

1. మూత బిగించిన ఖాళీ నీళ్ళ సీసా బావిలో పడితే తేలుతుంది. పెట్ మునుగుతుందని చదివాము కదా, మరి ఎందుకు తేలింది?
2. కొబ్బరినూనె డబ్బా ముక్క, పెన్ను గొట్టం ముక్క కలిసిపోయాయి. నీళ్ళతో ఎలా వేరుచేస్తారు?
3. అంకె లేని రెండు సీసాలు చీకట్లో మీ చేతికిచ్చారు. ఏది పెట్ అని ఎలా చెప్తారు?
4. మీ ఇంట్లో నీళ్ళు పట్టే క్యాను ఎక్కడిది? అంతకుముందు అందులో ఏముండేది? ఇంటికి వెళ్ళి అడిగి రండి.

మొదటి మూడింటికి జవాబులు కాగితం మీద రాసి నాకు ఇవ్వండి, వచ్చే నెల చార్టులో వేస్తాము. నాలుగవదానికి జవాబు నాకు ఇవ్వనక్కరలేదు. ఇంట్లో అడిగితే చాలు.

వచ్చే ఆదివారం శ్రమదానం తరువాత గుంట దగ్గరికి అగ్గిపెట్టె తేకండి. బస్తాలు తెస్తాము. 3వ తరగతి చెల్లెళ్ళు కూడా వచ్చి మూతలు ఏరవచ్చు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని